ప్యాచ్ టెస్టు నెగటివ్, రక్తంలో టీ కణాల పరీక్ష పాజిటివ్: నికెల్ అలర్జీ ఉన్నట్టా, లేనట్టా?

మందారమాల
గడియారం ఆనే మణికట్టు మీద, బెల్టు బకిల్ తగిలే చోట ఎగ్జిమా చాలాకాలంగా తిరగబెడుతూ ఉంది. చర్మవైద్యులు ప్యాచ్ టెస్టు (అనుమానం ఉన్న పదార్థాలను పట్టీలతో వీపు మీద అంటించి చూసే పరీక్ష) చేసి నికెల్‌కు ప్రతిచర్య లేదని చెప్పారు. ఆ మాటతో నాకు తృప్తి కలగక, మరోచోట రక్తం ఇచ్చి, టీ కణాలు ఉండే లింఫోసైట్లనే తెల్లరక్తకణాలు లోహం తగిలితే విభజన చెందుతాయా అని చూసే లింఫోసైట్ ట్రాన్స్‌ఫర్మేషన్ పరీక్ష చేయించుకున్నాను. ఇరవై లోహాలకు పరీక్షించిన ఆ నివేదికలో నికెల్ ఎదురుగా స్టిమ్యులేషన్ ఇండెక్స్ 3.4 అని ఉంది. బంగారం, పల్లేడియం కూడా రెండుకు కాస్త పైన ఉన్నాయి. మూడింటినీ పాజిటివ్ అన్నారు. పళ్లలోని లోహపు ఫిల్లింగులు తీయించుకోవడం మంచిదనే సూచన కూడా కింద చేర్చారు. అలర్జీని కలిగించేవి టీ కణాలే అయినప్పుడు, ఆ కణాలనే నేరుగా పరీక్షించిన ఫలితానికి ఎక్కువ విలువ ఇవ్వాలి కదా అన్నది నా ప్రశ్న.

చర్మపత్రం
రెండింటిలో ఏది సరైనదని అడిగే ముందు ప్యాచ్ టెస్టు ఎలా జరిగిందో తెలియాలి. వీపు మీద అంటించిన పట్టీలను 48 గంటల తర్వాత తీసి ఒకసారి చూస్తారు. అసలు తీర్పు చెప్పేది ఆ తర్వాత, మూడో రోజునో నాలుగో రోజునో చేసే రెండో పరిశీలన. లోహాల విషయంలో ప్రతిచర్య ఇంకా ఆలస్యంగా పైకి రావచ్చు కాబట్టి ఏడో రోజున కూడా చూడడం మంచిది. మిమ్మల్ని ఎన్నిసార్లు చూశారు? ఆ రోజుల్లో ఏ మందులు వాడుతున్నారు?

మందారమాల
పట్టీలు తీసిన రోజున ఒక్కసారే చూశారు. మంట భరించలేక అప్పుడు స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాను. ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు.

చర్మపత్రం
అయితే దాన్ని నెగటివ్ ఫలితం అనడానికి వీల్లేదు. స్టెరాయిడ్ మాత్రలు టీ కణాల చురుకుదనాన్ని అణచివేస్తాయి. పైగా ఆలస్యంగా వచ్చే ప్రతిచర్యను చూడవలసిన రోజున ఎవరూ చూడలేదు. అసంపూర్ణంగా జరిగిన పరీక్షను రక్తపరీక్షతో పోల్చి, రెండూ విభేదిస్తున్నాయని చెప్పడం సరికాదు. మీ వైద్యుల సలహాతో ఆ మాత్రలు ఆపగలిగిన తర్వాత, తగిన వ్యవధి ఇచ్చి, మళ్లీ పద్ధతి ప్రకారం చేయించుకోండి.

కణశాల
ఇలాంటి రక్తపరీక్షలు చేసే ప్రయోగశాలలోనే నా ఉద్యోగం. ఫలితాన్ని చదవాలంటే పద్ధతి తెలియాలి కనుక కొంచెం వివరంగా రాస్తాను.

హెపారిన్ ఉన్న గొట్టంలో తీసిన రక్తాన్ని ఫైకాల్ అనే ద్రవం మీద నెమ్మదిగా పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, లింఫోసైట్లు, మోనోసైట్లనే మరో రకం తెల్లరక్తకణాలు మధ్యలో తెల్లటి పొరగా తేలతాయి. ఆ కణాలను కడిగి, 96 గుంతలున్న ప్లేటులో ఒక్కో గుంతకు సుమారు రెండు లక్షల చొప్పున పంచుతాం. కొన్ని గుంతల్లో వేర్వేరు గాఢతల్లో నికెల్ సల్ఫేట్ వేస్తాం. కొన్నింటిలో ఏమీ వేయం. మరికొన్నింటిలో చిక్కుడు జాతి గింజల నుంచి తీసే ఫైటోహిమాగ్లుటినిన్ వేస్తాం. అది లింఫోసైట్లను విభజన చెందేలా చేస్తుందని 1960లో పీటర్ నోవెల్ చూపించారు, కాబట్టి దానికి కూడా స్పందించని కణాలు సరిగా బతికి లేవని అర్థం. ప్లేటును ఐదారు రోజులు 37 డిగ్రీల వద్ద ఉంచి, చివరి గంటల్లో ట్రిషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) చేర్చిన థైమిడిన్ అనే డీఎన్‌ఏ ముడిసరుకును కలుపుతాం. విభజన చెందుతున్న కణం కొత్త డీఎన్‌ఏ కోసం దాన్ని లోపలికి తీసుకుంటుంది, ఆ రేడియోధార్మికతను యంత్రం లెక్కిస్తుంది.

నికెల్ వేసిన గుంతల సగటును ఏమీ వేయని గుంతల సగటుతో భాగిస్తే వచ్చేదే స్టిమ్యులేషన్ ఇండెక్స్. కొన్ని ప్రయోగశాలలు రెండు దాటితే పాజిటివ్ అంటాయి, కొన్ని మూడు దాటాలంటాయి. మందారమాల గారి నివేదికలో బంగారం, పల్లేడియం పాజిటివ్ కావడం, కాకపోవడం ఈ గీత ఎక్కడ గీశారన్న దాని మీదే ఆధారపడి ఉంది.

లెక్కలపంతులు
కణశాల గారు చెప్పిన భాగహారంలోనే ఒక చిక్కు ఉంది. ఏమీ వేయని గుంతల్లో 300 లెక్క వచ్చి నికెల్ గుంతల్లో 1,020 వస్తే నిష్పత్తి 3.4. కింద 3,000 ఉండి పైన 10,200 వచ్చినా అదే 3.4. మొదటి సందర్భంలో హారం ఏ కొంచెం అటూ ఇటూ అయినా ఫలితం తలకిందులవుతుంది, రెండో సందర్భంలో అంత సులభంగా కాదు. నివేదికలో నిష్పత్తి మాత్రమే ఇచ్చి మూలసంఖ్యలు ఇవ్వకపోతే దాన్ని తూచడానికి రోగి చేతిలోనూ వైద్యుల చేతిలోనూ ఏమీ ఉండదు.

ఇక ఇరవై లోహాల సంగతి. ఏ అలర్జీ లేని మనిషికి ఒక్కో లోహానికి తప్పుడు పాజిటివ్ వచ్చే అవకాశం ఐదు శాతమే అనుకుందాం. ఇది లెక్క కోసం అనుకుంటున్న సంఖ్య మాత్రమే. ఇరవై పరీక్షలూ నెగటివ్‌గా వచ్చే సంభావ్యత 0.95ను ఇరవైసార్లు గుణిస్తే వచ్చేది, అంటే దాదాపు 0.36. మిగిలిన 64 శాతం సందర్భాల్లో కనీసం ఒక లోహమైనా పాజిటివ్‌గా కనబడుతుంది. అనుమానం ఉన్న ఒకటి రెండు పదార్థాలకు చేసే పరీక్ష వేరు, జాబితా మొత్తానికి చేసే పరీక్ష వేరు.

కణశాల
మూలసంఖ్యల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ రెండో లెక్కతో కాదు. ఇరవై ఫలితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివని మీరు అనుకున్నారు. వాటన్నిటికీ హారం ఒక్కటే. ఏమీ వేయని గుంతల్లో ఆ రోజు ఏ కారణం చేతనో లెక్క తక్కువ వస్తే అన్ని లోహాల ఇండెక్సులూ కలిసి పైకి లేస్తాయి.

లెక్కలపంతులు
ఒప్పుకుంటున్నాను, 64 అన్న అంకె మారుతుంది. అయితే మీరు చెప్పినది నా ఆందోళనను పెంచుతోందే తప్ప తగ్గించడం లేదు. ఒకే నివేదికలో నికెల్, బంగారం, పల్లేడియం మూడూ స్వల్పంగా పైకి లేచి ఉంటే, అది మూడు అలర్జీలకు కాక ఒకే తక్కువ హారానికి గుర్తు కావచ్చు.

కొత్తచిగురు
రోగనిరోధక శాస్త్రం ఇప్పుడిప్పుడే చదువుకుంటున్నాను. రక్తంలో ఐజీఈ చూస్తే సరిపోదా? చాలామంది అలర్జీ పరీక్ష అంటే దానినే చేయించుకుంటున్నారు.

చర్మపత్రం
సరిపోదు. ఐజీఈ నిమిషాల్లో వచ్చే దద్దుర్లకు, తుమ్ములకు, ఉబ్బసానికి సంబంధించిన యాంటీబాడీ. స్పర్శ అలర్జీ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చే నాలుగో రకం ప్రతిచర్య. ఇందులో యాంటీబాడీల పాత్ర కాదు, టీ కణాల పాత్ర ప్రధానం. 1942లో లాండ్‌స్టైనర్, చేజ్ ఈ విషయాన్ని గినీపందుల్లో తేల్చారు. అలర్జీ ఉన్న జంతువు నుంచి తీసిన కణాలను ఎక్కిస్తే ఆరోగ్యంగా ఉన్న జంతువుకు అలర్జీ సంక్రమించింది, సీరం ఎక్కిస్తే సంక్రమించలేదు. ఐజీఈ సాధారణంగా ఉందన్న కారణంతో స్పర్శ అలర్జీ లేదని చెప్పి పంపించడం రోగికి అన్యాయం చేయడమే.

మందారమాల
నా మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. నికెల్ వేస్తే నా కణాలు విభజన చెందాయి. అలర్జీ లేకపోతే అవి ఎందుకు చెందాలి?

చర్మపత్రం
ఈ చర్చకు అదే కీలకం. నికెల్ పెట్టుకుని ఏ ఇబ్బందీ లేకుండా తిరిగేవారి రక్తంలో కూడా నికెల్‌కు స్పందించే టీ కణాలు ఉంటాయి. వారిలో వాటిని అదుపులో ఉంచే నియంత్రణ కణాలూ ఉంటాయి. ఆరోగ్యవంతుల రక్తంలోంచి సీడీ25 అనే గుర్తు ఉన్న ఆ కణాలను తొలగించి చూసినప్పుడు నికెల్‌కు ప్రతిస్పందన పెరిగింది. కణాలకు నికెల్‌ను గుర్తుపట్టే శక్తి ఉండడం ఒక విషయం, ఆ గుర్తింపు చర్మంలో వ్యాధిగా మారడం మరొక విషయం.

పైగా నికెల్‌కు చాలా ఇతర అలర్జీకారకాలకు లేని ఒక లక్షణం ఉంది. అది మనిషి కణాల మీది టీఎల్‌ఆర్4 అనే గ్రాహకాన్ని నేరుగా ప్రేరేపిస్తుందని 2010లో తేలింది. ఆ గ్రాహకంలో 456, 458 స్థానాల్లోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలే ఇందుకు కారణం. ఎలుకల గ్రాహకంలో అవి లేవు కాబట్టి ఎలుకల్లో నికెల్ అలర్జీ తేలికగా పుట్టదు. అంటే ప్లేటులోని మోనోసైట్లు ఏ అలర్జీ లేకుండానే నికెల్‌కు రెచ్చిపోయి, పక్కనున్న లింఫోసైట్లను కదిలించగలవు.

కణశాల
దీనికి మరొకటి చేర్చాలి. బాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ కూడా అదే టీఎల్‌ఆర్4 ద్వారా పనిచేస్తుంది. నికెల్ ద్రావణంలో అది లేశమాత్రంగా కలిసినా తప్పుడు పాజిటివ్ వస్తుంది. ద్రావణాలను ఎండోటాక్సిన్‌కు పరీక్షించారా అన్నది ఏ ప్రయోగశాలనైనా అడగదగిన ప్రశ్నే.

అయితే ఈ కారణాలన్నీ చూపించి పరీక్షనే పనికిరానిదనడం నాకు న్యాయంగా తోచదు. నికెల్ అలర్జీ స్పష్టంగా ఉన్నవారి సమూహాన్ని, లేనివారి సమూహాన్ని పక్కపక్కన పెడితే సగటు తేడా ఖచ్చితంగా కనబడుతుంది. ఇబ్బంది అంతా ఆ రెండు సమూహాల మధ్య అతివ్యాప్తిలో పడిన ఒక్క మనిషి గురించి తీర్పు చెప్పేటప్పుడే.

చర్మపత్రం
రోగనిర్ధారణ అంటే ఆ ఒక్క మనిషి గురించి తీర్పు చెప్పడమే కదండీ. 1895లో యాడసోన్ వర్ణించిన ప్యాచ్ టెస్టు ఇంతకాలం నిలవడానికి కారణం ఉంది. అది చర్మపు పైపొరలోని కెరటినోసైట్లను, అలర్జీకారకాన్ని టీ కణాలకు చూపించే లాంగర్‌హాన్స్ కణాలను, చర్మంలోనే స్థిరపడిపోయిన జ్ఞాపక టీ కణాలను ఒకేసారి పరీక్షిస్తుంది. రక్తంలో తిరిగే కణాల్లో ఈ స్థిరనివాస కణాలు దొరకవు. ప్లేటులో చర్మమే లేదు.

బెరిలమ్మ
చర్మపత్రం గారు చెప్పినది అన్ని లోహాలకూ వర్తించదు. మా కుటుంబంలో ఒకరు బెరీలియం మిశ్రలోహాలతో పనిచేసేవారు. బెరీలియంకు సున్నితత్వం ఏర్పడిందా అని తెలుసుకోవడానికి ప్రామాణికంగా వాడేది రక్తంలోని లింఫోసైట్ల విభజన పరీక్షే. బెరీలియంతో ప్యాచ్ టెస్టు చేస్తే ఆ పరీక్ష వల్లనే సున్నితత్వం కొత్తగా ఏర్పడే ప్రమాదం ఉందని అది మానుకున్నారు. అక్కడ రక్తపరీక్ష ఆధారంగానే ఊపిరితిత్తుల వ్యాధిని ముందుగా పట్టుకుని మనుషులను ఆ పని నుంచి తప్పిస్తున్నారు.

కణశాల
చాలా మంచి ఉదాహరణ. అక్కడ కూడా ఒక్క ఫలితంతో నిర్ణయించరు. సాధారణంగా మరోసారి చేసి నిర్ధారించుకుంటారు. జన్యుపరమైన ఆధారం కూడా తోడుంది. హెచ్‌ఎల్‌ఏ-డీపీబీ1 అనే రోగనిరోధక జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 69వ స్థానంలో గ్లుటమేట్ ఉన్నవారిలో ఈ వ్యాధి ఎక్కువ. పరీక్ష ఫలితానికీ వ్యాధికీ మధ్య ఇంత గట్టి లంకె నికెల్ విషయంలో ఇంకా ఏర్పడలేదు.

మోకీలు
మోకాలి మార్పిడి శస్త్రచికిత్సకు ముందు నాకు కూడా ఈ రక్తపరీక్ష చేయించారు. కోబాల్ట్, క్రోమియం, నికెల్ ఉన్న మిశ్రలోహపు కీలు పెట్టాల్సి ఉండగా, నికెల్‌కు పాజిటివ్ అని వచ్చింది. చవక ఆభరణాలు పెట్టుకున్నా నాకు ఎప్పుడూ దురద రాలేదు. వేరే పూత ఉన్న కీలు పెట్టించుకున్నాను, అది బాగానే ఉంది. పరీక్ష లేకపోయినా మామూలు కీలుతో బాగానే ఉండేదా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పటికీ తెలియదు.

చర్మపత్రం
మీ చివరి వాక్యమే ఈ రంగంలోని వివాదం మొత్తాన్ని చెబుతోంది. చర్మంలో లోహానికి అలర్జీ ఉన్నవారిలో చాలామందికి లోపల పెట్టిన లోహపు కీళ్లు ఏ ఇబ్బందీ కలిగించవు. ఆభరణాలతో ఎప్పుడూ ఇబ్బంది లేనివారందరికీ శస్త్రచికిత్సకు ముందు ఈ పరీక్షలు చేయించడాన్ని నేను సమర్థించను. లోహాలతో అలర్జీ వచ్చిన చరిత్ర ఉన్నవారి విషయం వేరు. కీలు పెట్టిన తర్వాత నొప్పి, వాపు తగ్గకపోతే మొదట ఇన్‌ఫెక్షన్‌ను, కీలు వదులుకావడాన్ని పరిశీలించి, అవి కాదని తేలాకే అలర్జీ వైపు చూడాలి. అప్పుడు కూడా లోహాలను మాత్రమే చూసి ఆపకూడదు. ఎముక సిమెంటులోని అక్రిలేట్లు, బెంజాయిల్ పెరాక్సైడ్, జెంటమైసిన్ కూడా కారణం కావచ్చు.

కణశాల
ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. కీలు శరీరం లోపల, ఎముక పక్కన ఉంటుంది, అక్కడ చర్మం లేదు. కాబట్టి వీపు చర్మం చెప్పే సాక్ష్యం కంటే రక్తంలోని కణాలు చెప్పే సాక్ష్యం అక్కడ ఎక్కువ సముచితం కావచ్చు. ఇది ఇంకా నిరూపణ కావలసిన వాదమే, కానీ కొట్టిపారేయదగినది కాదు.

కురులసేవ
తలకు రంగు వేసే వృత్తిలో ఉన్నాను. నా దగ్గరకు వచ్చే ఒకావిడకు రంగు వేసిన మర్నాడు కళ్లు మూసుకుపోయేంతగా ముఖం వాచింది. అంతకుముందు ఆవిడ నల్ల గోరింట పేరుతో తాత్కాలిక టాటూ వేయించుకున్నారట. తలరంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనంతో ప్యాచ్ టెస్టు అంటే భయపడుతున్నారు. ఇలాంటివారికైనా రక్తపరీక్ష మేలు కాదా?

చర్మపత్రం
ఆవిడ భయం సహేతుకమైనది. తీవ్రమైన చరిత్ర ఉన్నవారికి మామూలుగా వాడే ఒక శాతం పీపీడీ పెట్టరు. బాగా పలుచన చేసిన మోతాదుతో, తక్కువ సమయంతో మొదలుపెడతారు. అనుభవం ఉన్నవారి దగ్గర అది సురక్షితంగానే జరుగుతుంది. అంతవరకు పీపీడీ ఉన్న రంగులు, దాని బంధువులైన రంగులు దూరంగా పెట్టాలి.

కణశాల
రక్తపరీక్షకు పీపీడీ చాలా కష్టమైన పదార్థం. నీటి ద్రావణంలో అది నిలకడగా ఉండదు, ఆక్సీకరణం చెంది బాండ్రోస్కీ బేస్ వంటి వేరే పదార్థాలుగా మారుతుంది. ఆ మారిన రూపాలు అలర్జీ లేనివారి కణాలను కూడా కదిలించగలవు. గాఢత కొంచెం పెరిగితే కణాలు చనిపోతాయి, తగ్గితే స్పందన రాదు. సుగంధ ద్రవ్యాల సంగతీ అంతే. అవి నీటిలో కరగవు, కరిగించడానికి వాడే డీఎంఎస్‌ఓ అనే ద్రావకం ఎక్కువైతే కణాలకు హాని. లోహ లవణాలు నీటిలో సులువుగా కరుగుతాయి కాబట్టే ఈ రంగంలోని పరిశోధనలో అధికభాగం నికెల్ చుట్టూ తిరిగింది.

విషశాస్త్రి
సౌందర్య సాధనాల మీద ‘రోగనిరోధక కణాలపై పరీక్షించినది’ అని చూసి, అది కూడా ఇదే పరీక్ష అని కొందరు పొరబడుతున్నారు, అందుకే రాస్తున్నాను. అక్కడ పరీక్షించేది మనిషిని కాదు, పదార్థాన్ని. ఒక కొత్త రసాయనానికి ఎవరిలోనైనా అలర్జీ పుట్టించే గుణం ఉందా అని చూస్తారు. పూర్వం దానికి ఎలుకల చెవులకు పదార్థాన్ని పూసి, దగ్గరి లింఫు గ్రంథుల్లో కణవిభజనను ఇదే ట్రిషియం థైమిడిన్‌తో కొలిచేవారు. మూడు రెట్లు దాటితే అలర్జీకారకమని లెక్క. యూరోపియన్ యూనియన్‌లో 2013 నుంచి జంతువులపై పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకాన్ని పూర్తిగా నిషేధించడంతో ప్రత్యామ్నాయాలు ముఖ్యమయ్యాయి.

వాటిలో ఒకటైన హెచ్-క్లాట్‌లో టీహెచ్‌పీ-1 అనే మానవ కణశ్రేణిని పదార్థంతో 24 గంటలు ఉంచి, కణాల మీద సీడీ86, సీడీ54 గుర్తులు పెరిగాయో లేదో ఫ్లో సైటోమీటర్‌తో (కణాలను ఒక్కొక్కటిగా పరిశీలించే యంత్రంతో) చూస్తారు. రసాయనాల పరీక్షలకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే ఓఈసీడీ అనే సంస్థ దాన్ని 442ఈ మార్గదర్శకంగా 2016లో స్వీకరించింది. ప్రోటీన్లతో పదార్థం ఎంతగా బంధిస్తుందో చూసే పరీక్ష, కెరటినోసైట్లు ఎలా స్పందిస్తాయో చూసే పరీక్ష దీనికి తోడుగా ఉంటాయి. ఈ మూడింటిలో రెండు ఏ జవాబు చెబితే ఆ జవాబునే తీసుకునే పద్ధతికి 2021లో ఆమోదం వచ్చింది. మీకు వ్యక్తిగతంగా ఆ పదార్థం పడుతుందా పడదా అన్నది ఈ పరీక్షలేవీ చెప్పవు.

మందారమాల
ఫిల్లింగుల సూచన గురించి ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది అదే.

చర్మపత్రం
తీయించుకోవద్దని స్పష్టంగానే చెబుతున్నాను. నోటిలో ఫిల్లింగు ఆనే చోట పుండో, తెల్లటి చారలో ఉంటే అది వేరే చర్చ. ఏ లక్షణమూ లేకుండా ఇండెక్స్ రెండు దాటిందన్న ఒక్క కారణంతో ఆరోగ్యంగా ఉన్న పళ్లను తొలచడం రోగికి హాని చేయడమే. 1990లలో స్వీడన్‌లో వచ్చిన మెలిసా అనే సవరించిన లింఫోసైట్ పరీక్ష లోహాల అలర్జీని మెరుగ్గా పట్టుకుంటుందని ప్రచారం పొందింది. దాన్ని ప్యాచ్ టెస్టుతో పోల్చి చూసిన పరిశోధకులకు అలర్జీ లేనివారిలో కూడా చాలా పాజిటివ్‌లు కనిపించాయి. నివేదిక ఇచ్చే సంస్థే చికిత్స కూడా సూచించడం నాకు మొదటినుంచీ నచ్చని పద్ధతి.

కణశాల
ఈ విషయంలో మా ఇద్దరిదీ ఒకే మాట.

చర్మపత్రం
ప్యాచ్ టెస్టుకు సమయం పట్టేలోగా మీరు చేయగలిగినది ఒకటుంది. డైమిథైల్‌గ్లయాక్జైమ్, అమోనియా ద్రావణాలు తడిపిన దూదిపుల్లతో అనుమానం ఉన్న లోహాన్ని రుద్దండి. నికెల్ విడుదలవుతుంటే దూది గులాబీ రంగుకు మారుతుంది. చర్మానికి ఎక్కువసేపు ఆనే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. రంగు మారకపోతే నికెల్ ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా పట్టీ తోలులోని క్రోమియం, రబ్బరులోని రసాయనాలు, వీటి వైపు కూడా చూడాలి.

కొత్తచిగురు
కణవిభజన కాకుండా మరేదైనా కొలిస్తే ఈ గందరగోళం తగ్గుతుందా?

కణశాల
తగ్గుతుందనే ఆశతోనే చాలా పని జరుగుతోంది. ఎలిస్పాట్ పద్ధతిలో ప్లేటు అడుగున యాంటీబాడీ పూసి, ఒక్కో కణం విడుదల చేసిన సైటోకైన్‌ను (కణాలు పరస్పరం సంకేతాలకు వాడే ప్రోటీన్‌ను) ఒక్కో చుక్కగా చూస్తాం. ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్ ఒక్కటే కాక ఐఎల్-2, ఐఎల్-13 వంటివి కలిపి చూస్తే అలర్జీ ఉన్నవారిని లేనివారి నుంచి వేరుచేయడం కొంత మెరుగవుతుంది. మరో మార్గం ఐదారు రోజులు ఆగకుండా, నికెల్ వేసిన కొద్ది గంటల్లోనే సీడీ154 గుర్తు పైకి వచ్చిన టీ కణాలను ఫ్లో సైటోమీటర్‌తో లెక్కపెట్టడం. ఇంత తక్కువ సమయంలో పక్క కణాల ప్రభావం పెద్దగా ఉండదు. ఇలా వేరుచేసిన నికెల్ కణాల గ్రాహకాల్లో హిస్టిడిన్ ఎక్కువగా కనిపించింది, నికెల్ హిస్టిడిన్‌తో బంధించే లోహం కాబట్టి ఇది అర్థవంతమైన ఆధారం. ఆ కణాల మీద చర్మం వైపు వెళ్లే గుర్తు అయిన సీఎల్‌ఏ ఉందో లేదో కూడా అదే సమయంలో చూడవచ్చు. నా అంచనా ప్రకారం ముందుకు వెళ్లేది ఈ దారే.

చర్మపత్రం
ఆ దారి మీద నాకూ ఆసక్తి ఉంది. కానీ ఒక్కో ప్రయోగశాల ఒక్కో గాఢత, ఒక్కో గీత పెట్టుకున్నంత కాలం వాటిని నా రోగుల విషయంలో వాడను.

బెరిలమ్మ
రక్తం నమూనాను దూరంగా ఉన్న ప్రయోగశాలకు పంపితే ఫలితం చెడుతుందా? మావాళ్ల నమూనా ఒకసారి ‘పరీక్షకు అనర్హం’ అని తిరిగివచ్చింది.

కణశాల
చెడుతుంది. ఇవి బతికి ఉండి, విభజన చెందవలసిన కణాలు. మామూలు రక్త నమూనాల మాదిరిగా ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గది ఉష్ణోగ్రతలోనే పంపాలి, వీలైతే 24 గంటల్లోపు పని మొదలుకావాలి. ఆలస్యమైతే గ్రాన్యులోసైట్లు చెడి టీ కణాల స్పందనను కూడా దెబ్బతీస్తాయి. తిరిగి పంపించిన ప్రయోగశాల మంచి పనే చేసింది. ఫైటోహిమాగ్లుటినిన్‌కు కూడా స్పందించని కణాలతో నెగటివ్ అని రాసి ఇవ్వడం కంటే అది ఎంతో నయం. వారాంతానికి ముందు రోజున రక్తం ఇవ్వకుండా, ప్రయోగశాల తెరిచి ఉండే రోజుకు చేరేలా చూసుకోండి.